కాటా ముల్లు ఎందుకు కదిలింది? విద్యార్థులు తీసిన థ్రిల్లర్ ట్రైలర్‌ను విడదీసి చూసే పద్ధతి

మిర్యాలగూడ దగ్గర మూతపడిన ఒక రైస్ మిల్లు. లోపల గుండ్రటి డయల్ ఉన్న పాత కాటా. దాని మీద బస్తా లేదు, మనిషి లేడు. అయినా ముల్లు సున్నా దగ్గర మెల్లగా కదలడం మొదలుపెట్టి, నలభై దాటాక ఆగుతుంది. 5 సెకన్ల పాటు చిన్న చప్పుడు కూడా లేదు. ఆ తర్వాత తెర నల్లబడి సినిమా పేరు పడుతుంది.

నల్లగొండలో మా డిగ్రీ పిల్లలు దసరా సెలవుల్లో తీసిన ట్రైలర్‌లో ఆఖరి షాట్ ఇది. కనపడకుండా పోయిన అన్న కోసం చెల్లెలు ఆ మిల్లుకు వెళ్లడం దాని కథ. మొత్తం నిడివి 1 నిమిషం 48 సెకన్లు. సినిమా ఇంకా పూర్తి కాలేదు, ట్రైలర్ మాత్రం ముందే కట్ చేశారు. చూపించి "ఎట్లుంది సార్?" అని అడిగారు. "చాలా బాగుందిరా" అన్నాను. వాళ్లు సంతోషపడ్డారు కానీ, కెమెరా చేసిన అబ్బాయి కదలకుండా నిలబడి "ఏది బాగుంది సార్?" అని మళ్లీ అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ నాలుగు సాయంత్రాలు నేను చేసిన పనినే ఇక్కడ వరుసగా చెబుతున్నాను. అసైన్‌మెంట్ కోసం విశ్లేషణ రాయాల్సిన వాళ్లకూ, తోటి పిల్లల ట్రైలర్ మీద అభిప్రాయం చెప్పాల్సిన వాళ్లకూ, తమ ట్రైలర్‌ను తామే సరిచూసుకోవాలనుకునే వాళ్లకూ ఇది పనికొస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకోండి. థ్రిల్లర్ ట్రైలర్ బతికేది దాచడం మీద. లైటు, కట్, సౌండ్, అక్షరాలు అన్నీ దేన్నో దాస్తూ ఉంటాయి. అందుకని ప్రతి టెక్నిక్ దగ్గరా ఆగి "ఇది నా దగ్గర ఏం దాచింది? ఎంతసేపు దాచింది?" అని అడగండి. ఈ ప్రశ్న అడగకుండా క్లోజప్ ఉంది, లో యాంగిల్ ఉంది, బీజీఎం ఉంది అని రాసుకుంటూ పోతే అది సరుకుల చిట్టా అవుతుంది.

ముందు అసలు ఫైలు తెప్పించుకోండి

పిల్లల ట్రైలర్లు ఎక్కువగా వాట్సాప్‌లో తిరుగుతాయి. వాట్సాప్ వీడియోను బాగా కుదిస్తుంది. ఆ దెబ్బ ముందుగా చీకటి షాట్ల మీదే పడుతుంది. నలుపు ఉండాల్సిన చోట చతురస్రాలు తేలతాయి, నీడలో ఉన్న మనిషి గోడలో కలిసిపోతాడు. థ్రిల్లర్‌లో సగం షాట్లు చీకట్లోనే ఉంటాయి కదా. ఆ కాపీ చూసి "లైటింగ్ సరిగా లేదు" అని రాస్తే కెమెరా చేసిన వాళ్లకు అన్యాయం చేసినట్టే. డ్రైవ్ లింకో, పెన్‌డ్రైవో అడగండి.

ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఫోన్ స్పీకర్ చిన్నది, లోతైన శబ్దాలను అది పలికించలేదు. థ్రిల్లర్‌లో భయం పుట్టించేది ఎక్కువగా ఆ అడుగున ఉండే గుర్రుమనే శబ్దమే. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే చాలు. అందులో ఇంగ్లీషు 'E' కీ నొక్కిన ప్రతిసారీ ఒక్క ఫ్రేమ్, అంటే వీడియోలో ఒక్క కదలని బొమ్మ, ముందుకు వెళ్తుంది. యూట్యూబ్‌లో అయితే పాజ్ చేసి కామా కీ నొక్కితే ఒక ఫ్రేమ్ వెనక్కి, ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక ఫ్రేమ్ ముందుకు. ఇక ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్.

మొదటి మెట్టు: ఆపకుండా ఒక్కసారి

మొదటిసారి చూడటం అనేది మళ్లీ దొరకదు. కాబట్టి దాన్ని పాడు చేసుకోకండి. గదిలో లైటు తీసేసి, ఫోన్ పక్కన పెట్టి, ఎక్కడా పాజ్ నొక్కకుండా చివరిదాకా చూడండి. అయిపోగానే రెండోసారి పెట్టకుండా మూడు సంగతులు రాయండి. ఎక్కడ ఊపిరి బిగపట్టాను? ఎక్కడ నా ధ్యాస పక్కకు పోయింది? అయిపోయాక నా మనసులో మిగిలిన ప్రశ్న ఏమిటి? ఇక్కడ టెక్నిక్‌ల పేర్లు రాయకూడదు. మీ ఒంటికి ఏం జరిగిందో అదే రాయాలి.

నేను రాసుకున్నది ఇది: "మిల్లు షట్టర్ దగ్గర భయమేసింది. మధ్యలో అక్షరాలు వచ్చినప్పుడు జారిపోయాను. కాటా దగ్గర ముందుకు వంగాను. మిగిలిన ప్రశ్న: అన్న బతికే ఉన్నాడా?"

ఈ నాలుగు ముక్కలే విశ్లేషణకు మొత్తం దారి చూపించాయి. తర్వాత చేసిన లెక్కలన్నీ ఇక్కడ అనిపించింది ఎందుకు అనిపించిందో తేల్చుకోవడానికే.

రెండో మెట్టు: షాట్ల పట్టిక

ఇది ఓపిక కావాల్సిన పని. అందుకే చాలామంది దీన్ని దాటేస్తారు. దాటేసిన వాళ్ల విశ్లేషణ చదివితే వెంటనే తెలిసిపోతుంది. ట్రైలర్‌ను ఆపుతూ, కట్ పడిన ప్రతిచోటా, అంటే ఒక షాట్ ఆగి ఇంకోటి మొదలైన ప్రతిచోటా, పుస్తకంలో ఒక వరుస గీయండి. షాట్ నంబరు, మొదలైన సమయం, ఎంతసేపు ఉంది, తెర మీద ఏముంది, కెమెరా ఎంత దూరంలో ఉంది, కదులుతుందా, ఏం వినపడుతుంది. ఇంతే. నా పట్టికలో ఒక వరుస ఇలా ఉంది: "14వ షాట్, 0:50, 3 సెకన్లు. నేల మీద టిఫిన్ డబ్బా, మూత పక్కన పడి ఉంది. క్లోజప్, కెమెరా కదలదు. ఎలుక గీరుతున్నట్టు చప్పుడు, మ్యూజిక్ లేదు."

మా పిల్లల ట్రైలర్‌లో, పేరు పడే కార్డును కూడా కలుపుకుంటే, మొత్తం 61 షాట్లు తేలాయి. 108 సెకన్లను 61తో భాగిస్తే షాటుకు దాదాపు 1.8 సెకన్లు వస్తుంది. ఈ సగటు మనకు ఏమీ చెప్పదు. ట్రైలర్‌ను ముక్కలు చేసి లెక్కేస్తే సంగతి బయటపడుతుంది. మొదటి 40 సెకన్లలో 9 షాట్లే ఉన్నాయి. ఉదయసముద్రం కట్ట మీద తెల్లవారుజామున చెల్లెలు నడుస్తుంటుంది, ఫోన్‌లో అన్న పంపిన వాయిస్ మెసేజ్ వింటుంది, మిల్లు గేటుకు వేసిన తాళం దగ్గర ఆగుతుంది. ఒక్కో షాట్ నాలుగు సెకన్లకు పైనే. తర్వాతి 40 సెకన్లలో ఆమె మిల్లు లోపలికి వెళ్తుంది, షాట్లు 19 అవుతాయి, ఒక్కోటి 2 సెకన్లు. చివరి 28 సెకన్లలో ఏకంగా 33.

ఆ 33ని కూడా విడదీయాలి. 1:20 నుంచి 1:41 వరకు 21 సెకన్లలో 31 షాట్లు. అంటే ఒక్కోటి సెకను కన్నా తక్కువ, సెకనుకు 25 ఫ్రేమ్‌ల లెక్కన 17 ఫ్రేమ్‌లు. కన్ను ఒకదాన్ని పట్టుకునేలోపు ఇంకోటి వచ్చేస్తుంది. ఆ పరుగు తర్వాత కాటా షాట్ ఒక్కటే 5 సెకన్లు నిలబడుతుంది. అంతకుముందున్న షాట్ల కన్నా ఏడు రెట్లు ఎక్కువసేపు! నేను కుర్చీలో ముందుకు వంగడానికి కారణం ముల్లు కదలడం ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది. 21 సెకన్ల పాటు నా కన్నును పరిగెత్తించి, ఉన్నట్టుండి ఆపేశారు. ఆగిన కన్ను ఖాళీ కాటాను గుచ్చి గుచ్చి చూసింది. అదే ఐదు సెకన్ల షాట్ మొదటి నిమిషంలో వచ్చి ఉంటే మామూలు షాట్‌లా వెళ్లిపోయేది.

మూడో మెట్టు: తెర మూసి వినండి

ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద తువ్వాలు కప్పండి. నిజంగానే కప్పండి, కళ్లు మూసుకుంటే సరిపోదు, మధ్యలో తెరుచుకుంటాయి. మొత్తం ట్రైలర్ వినండి. రెండోసారి వినేటప్పుడు శబ్దాలను పొరలుగా విడదీయండి. మాటలు ఒక పొర. ఆ చోటులో సహజంగా ఉండే శబ్దం, అంటే గాలి, పిట్టలు, రోడ్డు, ఇంకో పొర. అడుగులు, తాళం, తలుపు లాంటి ఎఫెక్ట్స్ మూడోది. మ్యూజిక్ నాలుగోది. ఐదో పొర నిశ్శబ్దం. దాన్ని కూడా సమయంతో సహా రాసుకోవాలి, ఎందుకంటే అది కూడా ఎడిటర్ కావాలని పెట్టిందే.

సౌండ్ చేసిన అమ్మాయి ఇక్కడ చేసిన పని నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. ట్రైలర్ నల్లటి తెరతో మొదలవుతుంది. 3 సెకన్లు ఏమీ కనపడదు, దూరంగా మోటారు తిరుగుతున్న చప్పుడు, బెల్టు కొట్టుకుంటున్న టపటప మాత్రం వినపడతాయి. ఆ తర్వాత బొమ్మ వస్తే చెరువు కట్ట, నీళ్లు, పిట్టలు. మోటారు చప్పుడు ఆగిపోయింది. 0:33 దగ్గర ఒక ముసలాయన "ఆ మిల్లు బందయ్యి మూడేండ్లాయె" అంటాడు. 0:44 దగ్గర చెల్లెలు మిల్లు లోపల అడుగు పెడుతుంటే అదే మోటారు, అదే బెల్టు టపటప, చాలా సన్నగా. బంద్ అయిన మిల్లులో మోటారు ఎట్లా తిరుగుతుంది? తెర చూస్తున్నప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపించింది. తువ్వాలు కప్పి వింటేనే దొరికింది. మిర్యాలగూడలో నడుస్తున్న ఇంకో మిల్లుకు వెళ్లి ఆ చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చారట. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కింద ఉన్న ఊరు, అక్కడ మిల్లులకు కొదువ లేదు.

ఈ మెట్టులోనే జె కట్‌లను పట్టుకోవాలి. తర్వాతి షాట్‌కు చెందిన శబ్దం, ఆ బొమ్మ రాకముందే వినపడటాన్ని జె కట్ అంటారు. బొమ్మ మారిపోయాక కూడా పాత శబ్దం కొనసాగితే అది ఎల్ కట్. 0:57లో చెల్లెలి ముఖం మీద ఉండగానే ఇనుము గీరుకునే చప్పుడు మొదలవుతుంది. ఆమె వెనక షట్టర్ కిందికి జారడం మనకు కనపడేది 0:58లో. ఆ ఒక్క సెకను పాటు "ఏంటది?" అనే ప్రశ్న మన దగ్గర ఉంటుంది, జవాబు ఉండదు. జె కట్ దాచింది ఆ జవాబునే.

1:20 నుంచి పైకి పైకి పోయే ఒక సౌండ్ ఉంది. ఎడిటర్లు దాన్ని రైజర్ అంటారు. ఇది ఎక్కడో ఒకచోట శిఖరానికి చేరాలి. ఎప్పటికీ పెరుగుతూనే ఉన్నట్టు భ్రమ కలిగించే శబ్దం వేరే ఉంది, షెపర్డ్ టోన్ అంటారు. 1964లో రోజర్ షెపర్డ్ అనే శాస్త్రవేత్త దాన్ని వివరించాడు కాబట్టి ఆ పేరు. మీరు చూసే ట్రైలర్‌లో ఏది ఉందో తేడా గమనించండి. మా పిల్లలు వాడింది మామూలు రైజర్, ఉచితంగా దొరికే లైబ్రరీ నుంచి దించుకున్నది, వంద ట్రైలర్లలో విన్నదే. అయితే అది శిఖరానికి చేరే చోట అందరూ పెద్ద "ధడ్" పెడతారు. వీళ్లు అక్కడ మొత్తం సౌండ్ కోసేశారు. ఆ కోత పడిన చోటే కాటా. సరుకు అందరి దగ్గరా ఉన్నదే, దాన్ని ఆపిన చోటు మాత్రం వీళ్ల సొంతం. విశ్లేషణలో ఈ రెంటినీ విడిగా రాయాలి.

నాలుగో మెట్టు: సౌండ్ తీసేసి చూడండి

ఇప్పుడు మ్యూట్. మ్యూజిక్ లేకపోతే ఏ షాట్లు సొంత కాళ్ల మీద నిలబడతాయో, ఏవి మ్యూజిక్ భుజం మీద నడుస్తున్నాయో కనపడిపోతుంది.

లైటు గురించి చెప్పడానికి ముందు మిమ్మల్ని పానగల్లుకు తీసుకెళ్లాలి. నల్లగొండ పక్కనే, కుందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడ పగలంతా శివలింగం మీద స్తంభం ఆకారంలో ఒక నీడ కదలకుండా పడి ఉంటుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదు. అక్కడికి వెళ్లిన ప్రతి మనిషీ చేసే పని ఒకటే, వెనక్కి తిరిగి ఆ నీడ ఏ స్తంభానిదా అని వెతకడం. నీడ కనపడి, దాన్ని వేసే వస్తువు కనపడకపోతే మనిషి వెతకకుండా ఉండలేడు. థ్రిల్లర్ లైటింగ్ అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను ఈ గుడినే చూపిస్తాను. ట్రైలర్‌లో ప్రతి నీడ దగ్గరా ఆగి చూడండి. వెలుతురు ఎటునుంచి వస్తుంది? నీడ ఎవరిది? ఆ మనిషి ఫ్రేమ్‌లో ఉన్నాడా? 1:03 దగ్గర మా పిల్లల ట్రైలర్‌లో ఊక కుప్ప మీద ఒక తల నీడ పడుతుంది. ఫ్రేమ్‌లో ఎవరూ లేరు. వెలుతురు వస్తున్న కిటికీ మాత్రం ఎడమ పక్కన కనపడుతుంది, అంటే ఆ మనిషి కిటికీ బయట ఉన్నాడు. అంత లెక్కగా పెట్టిన నీడ అది.

అన్ని చోట్లా ఇంత లెక్క ఉండదు. 0:54లో ట్యూబ్‌లైటు కింద తీసిన షాట్ మినుకుమినుకుమంటుంది. భయం కోసం చేశారేమో అని మొదట అనుకున్నాను. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూస్తే తెర మీద అడ్డంగా నల్లటి పట్టీలు కిందికి జారుతున్నాయి. అది ట్యూబ్‌లైటు పని కాదు, ఫోన్ కెమెరా పని. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. దాంతో పాత రకం ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఫోన్ కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే షట్టర్ స్పీడు, అంటే ఒక్కో ఫ్రేమ్‌కు కెమెరా వెలుతురు తీసుకునే సమయం, దానితో కలవక ఈ పట్టీలు వస్తాయి. షట్టర్ స్పీడును సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెట్టుకుంటే పోతాయి. చూసేవాళ్లు తేడా పట్టడానికి గుర్తు ఇది: కావాలని చేసిన మినుకు అయితే గది మొత్తం ఒక్కసారే చీకటై మళ్లీ వెలుగుతుంది, పట్టీలుగా జారదు.

ఫ్రేమింగ్ దగ్గర ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. మనిషి చుట్టూ వదిలేసిన ఖాళీని కొలవండి. మామూలుగా మనిషి ఎటు చూస్తుంటే అటువైపు ఖాళీ వదులుతారు. చెల్లెలు మిల్లు లోపలికి వచ్చిన దగ్గర్నుంచి ఆ ఖాళీ ఆమె వీపు వెనక ఉంటుంది. ఎవరో వచ్చి నిలబడటానికి చోటు వదిలినట్టు. 0:44 నుంచి 1:10 దాకా నేను ఇలాంటివి ఆరు లెక్కపెట్టాను. ఆ ఆరింటిలో ఒక్కదానిలోనూ ఎవరూ రారు. రాకపోవడమే భయం పెంచింది.

ఐదో మెట్టు: రెండు షాట్ల మధ్య

1:07లో మేనమామ కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటాడు. అన్నం తిని చేతులు కడుక్కునే మామూలు షాట్, ముఖంలో ఏ భావమూ లేదు. కానీ దానికి ముందు షాట్‌లో గొలుసు వేలాడుతూ ఊగుతుంటుంది, తర్వాతి షాట్‌లో చెల్లెలు ఫోన్‌లో "అన్నా, యాడున్నవే?" అంటూ ఉంటుంది. ఆ రెంటి మధ్యలో పడేసరికి ఆ మామ మీద నాకు అనుమానం పుట్టింది.

దాదాపు వందేళ్ల కింద రష్యాలో లెవ్ కులెషోవ్ అనే సినిమా దర్శకుడు చూపించింది ఇదే. ఒకే నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేకుండా తీసినదాన్ని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి అందమైన స్త్రీ పక్కన కలిపాడు. చూసినవాళ్లు ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక చూశారు. భావం ముఖంలో లేదు, పక్క షాట్‌లో ఉంది. ట్రైలర్లలో ఇది ఇంకా ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే పక్కపక్కన పెట్టిన షాట్లు సినిమాలో వేరే వేరే చోట్ల ఉండొచ్చు. కాబట్టి ఎవరి మీదైనా అనుమానం వచ్చినచోట ముందొక షాట్, తర్వాతొక షాట్ రాసుకుని, మధ్య షాట్‌ను ఒంటరిగా చూడండి. అనుమానం పోయిందా? అయితే ఆ పని కట్‌ది. పోలేదా? నటుడిది.

షట్టర్ షాట్ సంగతి వేరు. అక్కడ ఆమె వెనక షట్టర్ జారుతున్నట్టు మనకు తెలుసు, ఆమెకు తెలియదు. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. బల్ల దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుండగా బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉన్న సంగతి ముందే చూపిస్తే అదే మాటలు 15 నిమిషాల టెన్షన్. మొదటిది సర్‌ప్రైజ్, రెండోది సస్పెన్స్. మీ పట్టికలో భయమేసిన ప్రతి షాట్ పక్కనా ఈ రెండిట్లో ఏదో రాయండి. పిల్లల ట్రైలర్లలో సర్‌ప్రైజ్‌లే ఎక్కువగా ఉంటాయి, ఎందుకంటే పెద్ద శబ్దం పెడితే అవి వచ్చేస్తాయి. సస్పెన్స్ కోసం మాత్రం ముందే ఆలోచించి షాట్ పెట్టుకోవాలి. అందుకే ఆ షట్టర్ షాట్‌కు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆరో మెట్టు: అక్షరాలు, మాట

అక్షరాల దగ్గర నేను జారిపోయానని చెప్పాను కదా. 1:12 నుంచి 1:20 దాకా నాలుగు కార్డులు వస్తాయి. "ఒక రాత్రి", "ఒక మిల్లు", "ఒక రహస్యం", "ఎవరు?" అని. రహస్యం ఉందని అప్పటికే మనకు తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ చెప్పడం వల్ల ఆ 8 సెకన్లు టెన్షన్ సడలిపోయింది. పైగా రెండో కార్డులో ల కింద ల వత్తు విడిపోయి పక్కకు పడింది. తెలుగు ఫాంటును సరిగా చూపించని ఎడిటింగ్ యాప్‌లలో ఇది తరచుగా జరుగుతుంది. అక్షరాలను వేరేచోట బొమ్మగా చేసుకుని తెచ్చి పెడితే సరిపోతుంది.

మాట సంగతికి వస్తే, నాకు ఇది చాలా ముఖ్యం. మన సినిమాల్లో తెలంగాణ యాస చాలాకాలం పాటు విలన్ నోట్లోనో, నవ్వించే పాత్ర నోట్లోనో ఉండేది. ఈ ట్రైలర్‌లో భయపడేవాళ్లు, ఏడ్చేవాళ్లు, దాచేవాళ్లు అందరూ నల్లగొండ మాటే మాట్లాడతారు. "చెల్లె, పొద్దుగాల వస్త, నువ్వు పండుకో" అనే అన్న గొంతు ట్రైలర్‌లో రెండుసార్లు వస్తుంది. మొదటిసారి అది మామూలు మాట. రెండోసారి, 1:38లో, అతను కనపడకుండా పోయాడని తెలిశాక వింటాం. ఒక్క అక్షరం మారలేదు, అర్థం మొత్తం మారింది. మీ విశ్లేషణలో మాటల గురించి రాసేటప్పుడు ఎవరు ఏ యాసలో మాట్లాడుతున్నారు, ఏ మాట మళ్లీ వచ్చింది, ఈ రెండూ తప్పక చూడండి.

ఏడో మెట్టు: కావాలని చేసిందా, కుదరక చేసిందా?

ఇప్పటిదాకా తీసినవాళ్లను ఏమీ అడగలేదు. అది కావాలనే. ముందే అడిగితే వాళ్లు చెప్పిందే మనకు కనపడుతుంది. పట్టిక పూర్తయ్యాక, మీకు అనిపించింది రాసుకున్నాక, అప్పుడు కూర్చోబెట్టి అడగండి. "ఇది ఎందుకు చేశారు?" అని కాకుండా "ఆ రోజు అక్కడ ఏం జరిగింది?" అని అడిగితే నిజం చెబుతారు.

1:26లో ఫోన్ లైటు వెలుతురులో ముఖం సగమే కనపడే షాట్ ఉంది. నాకు బాగా నచ్చింది. "ఆ రోజు కరెంట్ లేకుండె సార్, ఇగ ఫోన్ లైటుతోనే తీసినం" అన్నాడు కెమెరా అబ్బాయి, తప్పు ఒప్పుకుంటున్నట్టుగా. తప్పేమీ లేదు. కుదరక తీసిన షాట్‌ను ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టారు, ఆ పెట్టడం ఎంపికే. అదే ట్యూబ్‌లైటు పట్టీల షాట్ కుదరక వచ్చింది, గమనించకుండా ఉంచేశారు. విశ్లేషణలో మూడు రకాలుగా విడదీయండి: అనుకుని చేసినవి, అనుకోకుండా వచ్చినా గుర్తించి వాడుకున్నవి, గుర్తించకుండా మిగిలిపోయినవి. పేద బడ్జెట్‌లో తీసిన పని గురించి న్యాయంగా రాయాలంటే వీటిలో రెండో రకాన్ని గుర్తించడం చేతకావాలి.

ఊక కుప్ప మీద నీడ గురించి అడిగాను. అది మాత్రం ఎండ కోసం మూడు రోజులు సాయంత్రం నాలుగింటికి వెళ్లి నిలబడి తీశారట.

ఎనిమిదో మెట్టు: రాయడం

ఇప్పుడు పుస్తకంలో చాలా ఉంది. అన్నీ రాయకండి. మొదటి మెట్టులో రాసుకున్న నాలుగు ముక్కలకు తిరిగి వెళ్లి, వాటికి జవాబు చెప్పేవే తీసుకోండి. ఒక్కో పేరాలో ఒక్క టెక్నిక్. అది ఎన్నో సెకనులో ఉంది, తెర మీద కచ్చితంగా ఏం కనపడింది లేదా వినపడింది, అది ఏం దాచింది, చూసేవాడికి ఏమైంది, సరిగ్గా అదే చోట ఎందుకు పెట్టారు. ఈ వరుసలో రాస్తే పేరా తనంతట తానే నిలబడుతుంది.

"ట్రైలర్‌లో నిశ్శబ్దాన్ని చక్కగా వాడారు, అది ఉత్కంఠను పెంచింది" అని రాస్తే ఏ ట్రైలర్‌కైనా సరిపోతుంది. దాని బదులు ఇలా రాయొచ్చు: "1:41లో రైజర్ శిఖరానికి చేరాల్సిన చోట సౌండ్ మొత్తం ఆగిపోతుంది. అంతకుముందు 21 సెకన్లలో 31 షాట్లు పరిగెత్తాయి, ఇప్పుడు ఒకే షాట్ 5 సెకన్లు నిలబడుతుంది. ఖాళీ కాటా ముల్లు కదులుతుంది. కాటాను కదిలిస్తున్నది ఎవరో ఫ్రేమ్ బయట దాచారు. బలమైన శబ్దం వస్తుందని ఎదురుచూసిన చెవికి ఏమీ దొరకక, చూపు మొత్తం ముల్లు మీదే పడుతుంది."

లోపాలను కూడా ఇదే పద్ధతిలో, ఇదే కొలతతో రాయండి. "అక్షరాలు బాగాలేవు" అంటే పిల్లలు బాధపడతారు. "1:12 నుంచి 1:20 వరకు నాలుగు కార్డులు, నాలుగూ మనకు తెలిసిన విషయమే చెబుతున్నాయి, తీసేసి చూడండి" అంటే ఆ రాత్రే తీసేసి చూస్తారు. మా వాళ్లు చూశారు. ట్రైలర్ 1 నిమిషం 40 సెకన్లకు వచ్చింది, చేతులు కడుక్కునే మామ తర్వాత చెల్లెలి ఫోన్ మాట వచ్చి, నేరుగా పరుగు మొదలవుతుంది.

తొమ్మిదో మెట్టు: తెర కాకుండా మనిషిని చూడండి

రాశాక ఒక పని మిగిలింది. ట్రైలర్‌ను అంతకుముందు చూడని ఒకరికి చూపించండి. సినిమా చదువులు తెలియని వాళ్లయితే మరీ మంచిది. వాళ్లు తెర చూస్తుంటే మీరు వాళ్ల ముఖం చూడండి. కనురెప్పలు, చేతులు, కుర్చీలో కదలిక, ఎన్నో సెకనులో ఏం జరిగిందో రాసుకోండి. మీ పట్టికతో పోల్చండి. మీకు భయమేసిన చోట వాళ్లకు ఏమీ కాకపోతే, మీరు రాసిన కారణాన్ని ఇంకోసారి పరీక్షించాలి.

నేను మా పక్కింటి పెద్దాయనకు చూపించాను. ఆయన మిర్యాలగూడలో ఇరవై ఏళ్లు హమాలీగా పనిచేసిన మనిషి. మోటారు చప్పుడు వినగానే మొదటి సెకనులోనే తల ఎత్తాడు, "బెల్టు వదులుంది" అన్నాడు. షట్టర్ దగ్గర ఏమీ కాలేదు, తల నీడ దగ్గర ఏమీ కాలేదు. కాటా దగ్గర మాత్రం చేతిలో ఉన్న బీడీ కట్ట కింద పెట్టేశాడు. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు.

పక్క నుంచి ఇద్దరు పిల్లలు ఫ్రేమ్ బయట కూర్చుని చేతులతో కాటాను నొక్కారని నాకు అప్పటికి తెలుసు. ఆయనకు చెప్పలేదు. "ఏమనిపించింది కాకా?" అని అడిగాను.

"బస్తా ఏస్తే ముల్లు టక్కున పోతది, అటూ ఇటూ ఊగి ఆగుతది. ఇట్ల మెల్లగ పోదు," అన్నాడు. "ఒక కాలు పెట్టి, చప్పుడు గాకుండ రెండో కాలు పెట్టినప్పుడే ఇట్ల పోతది. ఎవలో ఎక్కుతున్నరు."

పట్టికలో 60వ షాట్ పక్కన ఆ మాటను అలాగే రాసి, పిల్లలకు పంపించాను.